నిప్పు మీదుగా నడిచొచ్చిన నేల

ఇథియోపియాలో కొండ పేలితే హైదరాబాద్ రావలసిన విమానం ఆగింది. నంద్యాల జిల్లాలో ఒక వాగు ఒడ్డున సుమత్రా బూడిద దొరికింది. గోదావరి జిల్లాల్లో రోడ్లకు పరిచే కంకర పడమటి కనుమల నుంచి పారి వచ్చిన లావా. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద ఈ నిమిషం కూడా అగ్నిపర్వతాలు ఎగజిమ్ముతున్నాయి. భూమి మీదైనా, మరో గ్రహం మీదైనా ఇది లోపలి వేడి బయటికి వెళ్లే తీరు. ఆ తీరుతెన్నులే ఈవారం ముఖచిత్ర కథనం.

2025 నవంబరు 23, ఆదివారం. ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం బద్దలైంది. గడిచిన 12 వేల ఏళ్లలో అది పేలిన దాఖలా లేదు. అలాంటిదొకటి ఉందని ఆ దేశం బయట పట్టుమని పదిమందికి తెలిసి ఉండదు. దాని బూడిద 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా గాలివాటున సాగి మర్నాటి రాత్రికల్లా ఢిల్లీ ఆకాశంలో ఉంది. విమానయాన సంస్థలు వరసగా సర్వీసులు రద్దు చేశాయి. వాటిలో దుబాయ్ నుంచి హైదరాబాద్ రావలసిన విమానం కూడా ఒకటి. సెలవు పెట్టుకుని ఊరికి బయల్దేరిన గల్ఫ్ కార్మికుడికి తన ప్రయాణం ఎందుకు ఆగిందో ఎవరు చెప్పాలి? చెప్పినా నమ్మేలా ఉందా?

అగ్నిపర్వతం అంటే మనకు ఎప్పుడూ పరాయివాళ్ల సంగతే. తుపాను మనది, వరద మనది, కరువు మనది. లావా మాత్రం టీవీలో చూసేది. బడిలో కూడా అలాగే చెప్పారు: జపాన్, ఇండోనేషియా, ఇటలీ, అంతే. మన పాఠ్యపుస్తకాలు చేసిన అన్యాయాల్లో ఇదొకటని నా అభిప్రాయం.

ముందు ఆ బూడిద సంగతి చూద్దాం. అందులో కాలినదంటూ ఏమీ ఉండదు. భూమి లోపలి నుంచి ఉబికొచ్చే శిలాద్రవంలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధక వాయువులు కరిగి ఉంటాయి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి ఒక్కసారిగా బుడగలు కడతాయి. ఆ బుడగల గోడలు చిట్లి, గాల్లోనే చల్లారి గాజుపెంకులవుతాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే వంకర తిరిగిన అంచులు, మూడు కొమ్మల ముక్కలు, కొడవలి ఆకారాలు కనిపిస్తాయి. జెట్ ఇంజిన్ లోపలి వేడికి ఈ గాజు మళ్లీ కరిగి, లోపలి రేకుల మీద పేరుకుని గాలి దారి మూసేస్తుంది.

1982 జూన్ 24 రాత్రి జావా దీవి మీదుగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్‌కు జరిగింది ఇదే. గలుంగుంగ్ అగ్నిపర్వతం వదిలిన మేఘంలోకి అది తెలియక దూరింది. పొడి బూడిద విమానం రాడార్‌కు చిక్కదు. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. 11 కిలోమీటర్ల ఎత్తు నుంచి విమానం చప్పుడు లేకుండా కిందికి జారుతూ వచ్చింది. మేఘం దాటాక, చాలా కిందికి దిగాక, ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి. జకార్తాలో దిగేటప్పుడు ముందద్దం గీసుకుపోయి రన్‌వే సరిగా కనిపించలేదు. లోపలున్న 263 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇలాంటి అనుభవాల తర్వాతే ప్రపంచాన్ని తొమ్మిది భాగాలుగా పంచుకుని బూడిద హెచ్చరిక కేంద్రాలు వెలిశాయి. హేలీ గుబ్బి బూడిద ఎటు పోతోందో ఎప్పటికప్పుడు చెప్పింది వాటిలో ఒకటైన ఫ్రాన్స్‌లోని టూలూజ్ కేంద్రం.

జుర్రేరు లోయలో తెల్ల పొర

అఫార్ బూడిద మన నేల మీద చెప్పుకోదగ్గంత రాలలేదు. ఒకప్పుడు రాలింది. నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ తవ్విన గుంతల గోడల్లో ఎర్రటి, గోధుమరంగు మట్టి పొరల మధ్య తెల్లటి పొర ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం. వేళ్ల మధ్య పిండిలా మెత్తగా నలుగుతుంది కానీ అది గాజే. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం నుంచి, రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చి పడింది. అంత మందం ఆకాశం నుంచి నేరుగా పడింది కాదు. నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల గుట్టల మీద పడినదంతా వానలకు కొట్టుకొచ్చి ఈ లోయలో మేట వేసింది.

గత ఇరవై లక్షల ఏళ్లలో టోబా అంత పెద్ద పేలుడు మరొకటి లేదు. అది పేలి కూలిపోయిన గుంటే ఇప్పటి టోబా సరస్సు. దాని పొడవు 100 కిలోమీటర్లు. ఆ దెబ్బకు మనుషులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, ప్రపంచం మొత్తం మీద కొన్ని వేలమంది మాత్రమే మిగిలారని కొందరు శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించారు. పురావస్తు శాస్త్రజ్ఞులు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కు చెందిన రవి కోరిసెట్టర్‌ల బృందం జ్వాలాపురంలో తవ్వి 2007లో 'సైన్స్' పత్రికలో వేరే మాట చెప్పింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పొర పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరులో చెక్కినవి. అంటే ఆకాశం మూసుకుపోయిన రోజుల్ని చూసినవాళ్లు, లేదా వాళ్ల వారసులు, ఆ లోయలోనే బతికారు. ఎముకలు దొరకలేదు కాబట్టి వాళ్లు ఏ జాతి మనుషులన్న వాదన ఇంకా నడుస్తోంది. టోబా గురించి ప్రపంచంలో ఎవరు పుస్తకం రాసినా ఈ చిన్న ఊరి పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. మన దగ్గర కర్నూలు, నంద్యాల కాలేజీల్లో చదివిన ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

టోబా మండడానికి కారణం మనం నిలబడ్డ నేలే. భూమి లోపల లావా సముద్రం ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. వందల కిలోమీటర్ల లోతున కూడా ఉన్నది గట్టి రాయే, కాకపోతే విపరీతమైన వేడి మీద ఉన్న రాయి. పైనున్న బరువు దాన్ని కరగనివ్వదు. బరువు తగ్గితే కరుగుతుంది, లేదా నీళ్లు తగిలితే కరుగుతుంది. మన దేశాన్ని మోస్తున్న భూమి పెంకు ముక్క, అంటే భారత ఫలకం, తూర్పున అండమాన్, సుమత్రాల కిందికి దూసుకుపోతూ సముద్రపు నీటిని తనతో లోపలికి మోసుకెళ్తోంది. ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి చేరి దాన్ని కరిగిస్తోంది. టోబా ఉన్నది ఆ వరసలోనే. పోర్ట్ బ్లెయిర్‌కు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యారెన్ దీవిదీ అదే వరస. మన దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో లేచింది. 2025 సెప్టెంబరులో వారం తేడాతో రెండుసార్లు ఎగజిమ్మింది. సముద్రం పైకి కనిపించేది 354 మీటర్లే. మిగతా కొండంతా నీళ్లలో ఉంది.

కోరంగి నుంచి మారిషస్‌కు

బ్యారెన్ నిప్పు నీటివల్ల పుట్టింది. దక్కన్‌ది వేరే కథ. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట ఇప్పటి భారతదేశం దక్షిణార్ధగోళంలో ఒంటరి ద్వీపంలా ఉత్తరానికి ప్రయాణిస్తూ, భూగర్భం నుంచి లేచిన ఒక వేడి స్తంభం మీదుగా వెళ్లింది. పైకి లేచేకొద్దీ బరువు తగ్గి ఆ రాయి కరిగింది. నేల పగుళ్లిచ్చింది. అక్కడ కొండ పేలలేదు, బీటల్లోంచి లావా ఉబికి పరుచుకుంది. సిలికా తక్కువున్న లావా లేతపాకం. జారి పారుతుంది. సిలికా ఎక్కువైతే ముదురుపాకం, గొంతులో అడ్డుపడి టోబాలా పేలుతుంది. దక్కన్‌ది లేతపాకం కాబట్టే పొర మీద పొర పడి, పడమటి కనుమల దగ్గర రెండు కిలోమీటర్ల పైచిలుకు మందాన పేరుకుంది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లలో ఆ రాయి కనిపిస్తుంది. ఆదిలాబాద్, నిర్మల్, సంగారెడ్డి, వికారాబాద్ ప్రాంతాలు దాని అంచులు. ఆదిలాబాద్ పత్తి పండే నల్లరేగడి ఆ లావా చివికి అయిన మట్టే.

దేశం కదిలిపోయింది గానీ ఆ వేడి స్తంభం ఉన్నచోటే ఉంది. దాని మీదుగా జరిగిన సముద్రపు అడుగున వరసగా చుక్కలు పెట్టుకుంటూ వచ్చింది: లక్షద్వీపాల గట్టు, మాల్దీవులు, సుమారు 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్, చివరగా రీయూనియన్. రీయూనియన్‌లోని పిటాన్ ద లా ఫోర్నేజ్ ప్రపంచంలో అతి తరచుగా పారే అగ్నిపర్వతాల్లో ఒకటి. దక్కన్‌ను కప్పేసిన పొయ్యి అదే, ఆరలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి పాయ దగ్గరి కోరంగి రేవులో ఓడలెక్కి తెలుగు కూలీలు చెరకు తోటల పనికి వెళ్లింది ఈ మారిషస్‌కే. అక్కడ వాళ్లను రేవు పేరుతోనే పిలిచేవారు. వాళ్ల వారసుల ఉగాదికి ఆ దేశంలో ఇవాళ్టికీ సెలవు. ఏ నిప్పు లావా గోదావరి దాకా పారిందో, అదే నిప్పు కట్టిన దీవిలో వాళ్లు రాళ్లు ఏరి, కుప్పలు పోసి, చెరకు నాటారు. ఈ సంగతి ఆ ఓడల్లో ఎవరికీ తెలియదు. తెలిసినా కూలి పెరిగేది కాదనుకోండి.

నేల కదలకపోతే ఏమవుతుంది? అందుకు జవాబు అంగారకుడి మీద ఉంది. అక్కడ మన భూమి మీదలాగా కదిలే ఫలకాలు లేవు. కింద వేడి, పైన కదలని పెంకు. కోట్ల ఏళ్లపాటు ఒకేచోట లావా పోస్తే లేచిన కొండ ఒలింపస్ మాన్స్: ఎత్తు 22 కిలోమీటర్లు, అడుగున వెడల్పు 600 కిలోమీటర్లు. ఎవరెస్టుకు రెండున్నర రెట్లు. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కావడమూ దానికి కలిసొచ్చింది. వాలు ఎంత తక్కువంటే, దాని మీద నిలబడ్డ మనిషికి కొండ ఎక్కుతున్నట్టే అనిపించదు. భూమ్మీద అదే వేడి అయితే గొలుసుకట్టు దీవులయ్యేది.

అంగారకుడి లావా మన దేశానికి వచ్చింది కూడా. 1865 ఆగస్టు 25న బిహార్‌లోని గయ దగ్గర షేర్ఘాటీలో అయిదు కిలోల ఉల్క ఒకటి పడింది. అది చల్లారిన లావా రాయి. అంగారకుడి నుంచి ఊడి వచ్చిందని తేలడానికి వందేళ్లకు పైనే పట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ ఆ రకం అంగారక శిల దొరికినా ఆ ఊరి పేరుతోనే 'షెర్గొటైట్' అంటారు.

తొలి పొగ చూసిన ఇంజినీర్

అంగారకుడు దాదాపు చల్లారినట్టే. చందమామ ఎప్పుడో చల్లారింది. మనకు కుందేలులా కనిపించే ఆ మచ్చలు గడ్డకట్టిన లావా మైదానాలు. చిన్న గోళం తొందరగా చల్లారుతుందన్నది అందరూ నమ్మిన సూత్రం. గురుడి ఉపగ్రహం అయో మన చందమామకంటే ఏ కొంచెమో పెద్దది. కాబట్టి అదీ చల్లగా, గుంతలు పడి ఉంటుందనుకున్నారు. 1979 మార్చి 2న 'సైన్స్' పత్రికలో స్టాన్టన్ పీల్ అనే శాస్త్రజ్ఞుడు తన ఇద్దరు సహచరులతో కలిసి ఒక వ్యాసం రాసి, లెక్క వేసి చూస్తే అలా ఉండటానికి వీల్లేదన్నాడు. అయో ఒక చుట్టు తిరిగే కాలానికి రెట్టింపు కాలంలో యూరోపా, నాలుగు రెట్ల కాలంలో గానిమీడ్ గురుడి చుట్టూ తిరుగుతాయి. అందువల్ల అవి పదేపదే ఒకేచోట అయోను లాగుతుంటాయి. దాని కక్ష్య ఎప్పటికీ గుండ్రంగా సర్దుకోదు. గురుడికి ఒకసారి దగ్గరై, ఒకసారి దూరమవుతూ ఉంటుంది. మన సముద్రాల్లో నీటికి వచ్చే ఆటుపోటు అక్కడ రాతినేలకే వస్తుంది, 100 మీటర్ల దాకా. 42 గంటలకొక చుట్టు చొప్పున అలా నలిగిన రాయి వేడెక్కకేం చేస్తుంది?

వ్యాసం అచ్చయిన మూడు రోజులకే వాయేజర్-1 నౌక గురుడిని దాటింది. వెనక్కి తిరిగి తీసిన ఫొటోల్లో అయో ఒక నెలవంక. మార్చి 9న అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో లిండా మొరాబిటో అనే నావిగేషన్ ఇంజినీర్ ఆ ఫొటో ముందేసుకుని కూర్చుంది. అగ్నిపర్వతాలు వెతకడం ఆమె పని కాదు. వెనకాల మసకగా ఉన్న నక్షత్రాల్ని బట్టి నౌక ఎక్కడుందో తేల్చడం ఆమె పని. నక్షత్రం కనిపించడానికి ఫొటో వెలుతురు బాగా పెంచింది. అయో అంచు దాటి గొడుగు ఆకారంలో ఏదో తేలి ఉంది. కెమెరా లోపమేమో, వెనక మరో ఉపగ్రహం ఉందేమోనని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చారు. మిగిలింది ఒకటే. అది సుమారు 270 కిలోమీటర్ల ఎత్తు లేచిన అగ్నిపర్వతపు చిమ్ము. భూమి బయట మనిషి చూసిన మొట్టమొదటి సజీవ అగ్నిపర్వతం అది. ఖగోళ శాస్త్రంలో ఒక లెక్క ఇంత తొందరగా, ఇంత అందంగా రుజువైన సందర్భాలు బహుతక్కువ. దాన్ని కనిపెట్టింది లెక్క వేసినవాళ్లు కాదు, వేరే పని మీదున్న మనిషి కావడం నాకు మరీ నచ్చే విషయం.

ఇప్పుడు అయో మీద 400కు పైగా రగిలే అగ్నిపర్వతాలు లెక్కకొచ్చాయి. మన భూమి మొత్తం లోపలి నుంచి వదిలే వేడి 47 లక్షల కోట్ల వాట్ల దాకా ఉంటుంది. చందమామంతటి అయో దానికి సుమారు రెట్టింపు వదులుతోంది. 2024 డిసెంబరు చివర్లో జూనో నౌక అయో దక్షిణార్ధంలో లక్ష చదరపు కిలోమీటర్ల మేర ఒక్క పెట్టున వేడెక్కిన ప్రాంతాన్ని గుర్తించింది. మన తెలంగాణ కంటే కాస్త చిన్నది. మన భూమి వేడిలో సగం దాకా యురేనియం, థోరియం, పొటాషియం లోపల క్షీణించడం వల్ల పుడుతోంది. మిగతాది గ్రహం ఏర్పడ్డప్పటి పాత నిల్వ. అయోది రోజూ కొత్తగా పుట్టే వేడి. గురుడు లాగినంత కాలం దానికి ఆరడమంటూ లేదు.

శుక్రుడి సంగతి ఇంకో రకం. పరిమాణంలో భూమికి తోబుట్టువు. ఉపరితలం మీద 465 డిగ్రీల వేడి, మన గాలికి 92 రెట్ల ఒత్తిడి, ఎప్పుడూ వీడని మేఘాలు. 1990ల్లో మెగలన్ నౌక రాడార్‌తో పటాలు తీసింది. ఆ పాత పటాలనే ముందేసుకుని అలాస్కా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హెరిక్ కంటితో పోల్చి చూశాడు. మాట్ మాన్స్ అనే అగ్నిపర్వతం పక్కనున్న ఒక బిలం 1991 ఫిబ్రవరిలో గుండ్రంగా, 2.2 చదరపు కిలోమీటర్లు ఉంది. అక్టోబరుకు ఆకారం చెడి దాదాపు రెట్టింపైంది. 2023 మార్చిలో ఈ సంగతి ప్రకటించారు. 32 ఏళ్లు ఆ సాక్ష్యం డబ్బాలోనే పడి ఉంది, చూసే తీరిక, ఓపిక ఉన్నవాళ్లు లేక. మన ఇస్రో శుక్రయాత్రకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్లు మంజూరు చేసింది. 2028 మార్చిలో బయల్దేరాలి. అందులోనూ రాడార్ ఉంటుంది కాబట్టి, ఆ బిలం ఇప్పుడెలా ఉందో చెప్పే అవకాశం మనవాళ్లకూ ఉంది.

ఇక శని ఉపగ్రహం ఎన్సెలాడస్ చిమ్మేది నీటిని. 500 కిలోమీటర్ల మంచుగోళం, దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్లలోంచి ఉప్పునీటి ఆవిరి, మంచుపొడి. 2005లో కాసిని నౌక దాన్ని బయటపెట్టింది. అక్కడ లావా స్థానంలో నీరుంది, నలిపే శక్తి మాత్రం అయోది లాంటిదే.

మహాబలేశ్వర్ నుంచి కాతేరు దాకా

మళ్లీ మన నేలకు వద్దాం. రాజమండ్రి పక్కన కాతేరు. గోదావరి ఆవలి ఒడ్డున కొవ్వూరు దాటాక పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. దశాబ్దాలుగా అక్కడి నల్లరాయి క్వారీలు చుట్టుపక్కల ఊళ్ల రోడ్లకు, స్లాబులకు కంకర ఇస్తున్నాయి. ఆ నల్లరాయి బసాల్ట్. దక్కన్ లావా విస్తారానికీ దీనికీ మధ్య వందల కిలోమీటర్ల ఖాళీ. ఇదెక్కడిదన్న ప్రశ్న పాతదే. 2008లో స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు రసాయన పరీక్షలు చేసి చూస్తే ఇక్కడి కింది పొరలు, పై పొరలు పడమటి కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ లావాలతో సరిపోయాయి. అంటే ఆనాటి నదీలోయలు పట్టుకుని లావా వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతం ఒడ్డుకొచ్చింది. పైన గట్టి పెంకు కట్టి, ఆ పెంకు కింద వేడి చెడకుండా ద్రవం ముందుకు పోయింది కాబట్టే అంత దూరం సాధ్యమైంది. భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనన్నది వాళ్ల వాదన.

క్వారీ గోడలో రెండు నల్లటి పొరల మధ్య పాలిపోయిన సున్నపురాతి పొర ఉంటుంది. మొదటి లావా చల్లారాక సముద్రం వచ్చి నిలిచిన కాలమది. అందులో గుల్లలు, నాచు, కంటికి ఆనని సముద్రజీవుల పెంకులు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఆ పెంకుల్ని పరీక్షించి, కింది లావా ఆగిన కాలమూ డైనోసార్లు అంతరించిన కాలమూ దాదాపు ఒకటేనని 2008లో ప్రకటించింది. ఉల్క పడటం వల్ల పోయాయా, దక్కన్ విషవాయువుల వల్ల పోయాయా అన్న పెద్ద తగవులో రాజమండ్రి రాయి ఒక సాక్షి. నన్నడిగితే ఉల్క పక్షానికే బలం ఎక్కువ. అయితే సాక్షిని వినకుండా తీర్పు చెప్పకూడదు కదా.

2025లో మహారాష్ట్రలోని పంచగని, మహాబలేశ్వర్ దక్కన్ లావా యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మన తిరుమల కొండలు, భీమిలి ఎర్రమట్టి దిబ్బలు కూడా అప్పుడే ఎక్కాయి, సంతోషం. కడప సీమలో మంగంపేట ముగ్గురాయి అగ్నిపర్వత నిక్షేపంగా జాతీయ భూవిజ్ఞాన స్మారకాల్లో ఎప్పటినుంచో ఉంది. మహాబలేశ్వర్ లావాకే రెండో కొస అయిన కాతేరు, పంగిడి మాత్రం క్రషర్ల పాలవుతున్నాయి. జ్వాలాపురం బూడిదనూ తవ్వి అమ్ముకున్నారు. క్వారీలు మూసేయమని ఎవరూ అడగటం లేదు. రోడ్లకు కంకర కావాలి, అక్కడివాళ్లకు పని కావాలి. లావా, సున్నపురాయి, మళ్లీ లావా, మూడూ కనిపించే గోడ ఒక్కటి, జ్వాలాపురంలో బూడిద గుంత ఒక్కటి కంచె వేసి వదిలేస్తే చాలు. గనుల శాఖ తలుచుకుంటే అది ఒక జీవోతో అయ్యే పని. కాలేజీల్లో జియాలజీ చెప్పే మాస్టార్లు పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లి, ఆ ఊళ్ల పంచాయతీలతో కలిసి జిల్లా కలెక్టర్లకు అర్జీ పెట్టాలి. ఆ గోడలు పిండి కాకముందే.